ముప్పై ఒక్కరు తలిచిన లక్ష్మీరాజం సారు

హైదరాబాదులో యూనివర్సిటీ లైబ్రరీలో ఒక పుస్తకం ఉండేది. ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. అందులో కథ లేదు, పాఠం లేదు, చీమల బారులాగా పేర్లే పేర్లు. ఎవరైనా ఒక కొత్త సంగతి కనిపెట్టి పేపరు రాస్తే, తర్వాత రాసినవాళ్లలో ఎవరెవరు ఆ పేపరును తలిచారో అందులో అచ్చేస్తారు. దాన్ని సైటేషన్ అంటారని మా లక్ష్మీరాజం సారు చెప్పాడు. ఏడాదికి రెండుసార్లు ఆయన కరీంనగర్‌లో మొదటి బస్సెక్కి పోయి, ఆ పుస్తకంలో తన పేరు చూసుకొని, పొద్దుగూకే వేళకు తిరిగొచ్చేవాడు. మొదట్లో సినిమా చూసొచ్చినట్టు వచ్చేవాడు. తర్వాత తర్వాత పెద్దాసుపత్రికి పోయొచ్చినట్టు వచ్చేవాడు.

నేను సారు పాఠం చెప్పే కరీంనగర్ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు అటెండర్ని. ఐదో తరగతితో బడి మానేశాను. గాజు సామాను కడగడం, మంట వెలిగించడం, పగిలినవి ఏరడం నా పని. కెమిస్ట్రీ నేను అటూ ఇటూ చెప్పొచ్చు గాని, మనిషి సంగతి తప్పు చెప్పను. ఇన్నేళ్లు పక్కనే ఉన్నాను కదా.

సారుది చొప్పదండి. అడెపు వాళ్ల సాలె ఇల్లు. తండ్రి లేడు. తల్లి కనకవ్వ రెండు మగ్గాలు నడిపి, పెద్దబిడ్డ చంద్రవ్వ పెళ్లి చేసి, ఈయనను కాలేజీకి పంపింది. అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవకు కాలేజీలు మూతపడ్డాయి. బీఎస్సీ చదివే ఈయన ఏడాదిపాటు ఇంటికొచ్చి పడ్డాడు. ఊరికే కూర్చోబెట్టి తిండి పెట్టే ఇల్లు కాదు కదా, మగ్గం గుంటలో దిగమన్నారు. నేతలో అంత గట్టివాడేమీ కాదు. పోగులు తెంపుతాడని చంద్రవ్వ మొగుడు నవ్వేవాడట. కాని కళ్లు మాత్రం ఊరుకోలేదు.

వానాకాలం వస్తే సాలెవాడలో ప్రతి ఇంట్లో ఒకటే ఏడుపు. నేసే ముందు దారానికి గంజి పెడతారు గదా, ఆ గంజి పెట్టిన దారం ముసురుకు బూజు పట్టి కుళ్లిపోయేది. కనకవ్వ దారానికి మాత్రం పట్టేది కాదు. ఆమె గంజిలో నల్లమద్ది బెరడు ఉడకబెట్టి కలిపేది. ఆమె తమ్ముడు అంబదాస్ భైంసాలో ఉండేవాడు. ఆదిలాబాదు అడవి నుంచి ఏటేటా ఒక గోనెసంచి బెరడు తెచ్చి ఇచ్చేవాడు. పక్కింటి వాళ్లు కూడా అదే తెప్పించి వేశారు. వాళ్లకు బూజు పట్టింది.

"నా చేతుల ఏముంది, వాళ్లు పిసరంత ఏస్తరు, నేను దోసెడేస్త," అనేది కనకవ్వ.

కొడుక్కు అదే పట్టుకుంది. బెరడులో బూజును చంపే గుణమేదో ఉందని, దాన్ని పట్టుకొని చూపిస్తే పంటల తెగుళ్లకూ మనుషుల తామరకూ మందవుతుందని. ఎమ్మెస్సీ చేశాడు. ప్రేమ్‌సాగర్‌రావు సారు దగ్గర పీహెచ్‌డీలో చేరాడు. ఆయన సుల్తానాబాద్ దిక్కు దొరల ఇంటి మనిషి. మంచివాడే, కాని కుర్చీ ఉన్నవాడు. డెబ్బై నాలుగులో ఆయన కారులో చొప్పదండి వచ్చి మగ్గాలు చూస్తానన్నాడు. లక్ష్మీరాజం సారు నాలుగు రోజుల ముందే ఇంటికి పోయి సున్నం వేయించాడు, చాపలు మార్పించాడు, ఇంట్లో కంపు కొట్టే సామానంతా తీయించాడు. దొర వచ్చాడు, చాయ తాగాడు, "సాఫుగ ఉందయ్య రాజం మీ ఇల్లు," అని పోయాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

పట్టా వచ్చింది, మా కరీంనగర్ కాలేజీలో ఉద్యోగమొచ్చింది, నర్మదమ్మతో పెళ్లయింది. డెబ్బై తొమ్మిదిలో ఇంగ్లండులో అచ్చయ్యే ఒక పత్రికలో పేపరు పడింది. కింద రెండు పేర్లు, ఈయనదీ ప్రేమ్‌సాగర్‌రావుదీ. ఆ తర్వాత మొదలైంది కార్డుల వాన. ఆ రోజుల్లో ఎవరికైనా పేపరు కాపీ కావాలంటే పోస్టుకార్డు రాసేవాళ్లు. జపాను, పోలండు, బ్రెజిలు, నేను పేరు కూడా పలకలేని దేశాల నుంచి వచ్చాయి. కనకవ్వ వాటిని పసుపుబట్టలో కట్టి, బొట్టు పెట్టి, దేవుని గూట్లో పెట్టింది.

"ఇండ్ల ఏం రాసిండ్రు బిడ్డా?" అని అడిగింది ఒకసారి నన్ను.

"నీ కొడుకు రాసింది జర మాకు గూడ పంపుండ్రి అని రాసిండ్రవ్వా."

"నా గంజి ముచ్చటనా?"

"నీ గంజి ముచ్చటనే."

ఆ ముసలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకొని చాలాసేపు నవ్వింది.

ఎనభై రెండులో జర్మనీ నుంచి పెద్ద కవరొచ్చింది. అక్కడి పెద్ద ల్యాబువాళ్లు బెరడు పంపమన్నారు, మేము కూడా చేసి చూస్తామన్నారు. సారు దగ్గర అవ్వ ఇచ్చిన బెరడు డబ్బాలో ఉంది. నల్లగా, వంకర్లు తిరిగి, పులిసిన వాసన. సారు దాన్ని చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పాడు.

"గిది పంపుతమా దేవదాసూ? చూసి నవ్వరా వాళ్లు? మన ఇజ్జత్ పోతది."

నాకూ అదే అనిపించింది. ఇంటికొచ్చిన చుట్టానికి అడుగంటిన అన్నం పెడతామా? ఇద్దరం నిర్మల్ పోయాం. అటవీ డిపోలో అడిగి, అప్పుడే చెక్కిన బెరడు, లోపల ఎర్రగా ఇటుక రంగున్నది, ఏరి ఏరి తెచ్చాం. నేనే కడిగాను, నేనే ఎండబెట్టాను. కొత్త తెల్లబట్టలో కుట్టి పార్సెలు చేశాం. నా చేత్తో చేసిన పని అది. ఇప్పటికీ ఆ తెల్లబట్ట నాకు కళ్లల్లో కనిపిస్తుంది.

ఏడాదికి వాళ్ల పేపరొచ్చింది. ఆ బెరడులో ఏమీ లేదు, బూజు హాయిగా పెరిగింది, రాజం అనే ఆయన రాసింది మాకు కుదరలేదు అని. దాన్ని చూసి జపానువాళ్లు చేశారు, వాళ్లకూ రాలేదు. ఇంకెవరో, ఇంకెవరో. తర్వాత చేయకుండానే రాయడం మొదలుపెట్టారు. ఎనభై ఆరులో సారు హైదరాబాదు పోయొచ్చి ల్యాబులో స్టూలు మీద కూలబడ్డాడు.

"ముప్పై ఒక్కమంది తలిచిండ్రు దేవదాసూ."

"మంచిదే గద సార్. మన కాలేజీల అందరివి కలిపినా అన్ని లెవ్వట."

"తలిచింది తిట్టెటందుకే. ముప్పై ఒక్కల్ల ఇరవై ఆరుగురు నేను చెప్పింది అబద్ధమంటుండ్రు."

నేను చాయ తెస్తానని బయటికి పోయాను. ఆ ముఖం చూడలేక.

అసలు పరేషాన్ ఏమిటంటే, అవ్వ బెరడుతో చేస్తే ఆయనకు ప్రతిసారీ వచ్చేది. గాజు పళ్లెంలో బూజు పెరిగి పెరిగి, మందు చుక్క దగ్గరికొచ్చి ఆగిపోయేది. చుట్టూ రూపాయి బిళ్లంత శుభ్రమైన జాగా మిగిలేది. నేను కళ్లారా చూశాను. డిపో బెరడుతో చేస్తే రాదు. అవ్వ బెరడు పంపుతానని జర్మనీకి రాస్తే జవాబు రాలేదు. అందుకని ఆయన చెట్టులోనే తేడా ఉందనుకున్నాడు. సెలవు దొరికితే చాలు, ఆదిలాబాదు అడవి. ఉట్నూరు దిక్కు, ఖానాపూర్ దిక్కు, చెట్టుకొక నంబరు, సంచికొక నంబరు. నాలుగేళ్లలో రెండువందల పై చెట్లు. మలేరియా రెండుసార్లు వచ్చింది. నర్మదమ్మ బంగారం ఏమైందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఏ చెట్టూ పలకలేదు.

తల్లిని కూర్చోబెట్టి అడిగేవాడు, పోలీసులు అడిగినట్టు.

"ఏ నెల్ల తెస్తడే మామ?"

"మాఘమాసంల."

"చెట్టుకు ఏ దిక్కు చెక్కుతడు?"

"నాకేమెర్క బిడ్డా, గోనెసంచిల తెస్తడు."

"నువ్వేం చేస్తవ్ దాన్ని?"

కనకవ్వ ఒక్క నిమిషం కొడుకు ముఖం చూసి, చూపు తిప్పుకునేది. "ఏం చేస్త, నీడకు ఎండబెడ్త."

ఎనభై ఏడులో ప్రేమ్‌సాగర్‌రావు పిలిపించాడు. అప్పటికి ఆయన యూనివర్సిటీలో ఇంకా పెద్ద కుర్చీలో ఉన్నాడు. నేను సంచి మోసుకొని వెంట పోయాను, తలుపు బయట నిలబడ్డాను. మాటలన్నీ వినబడ్డాయి.

"పేపరు మీద నా పేరు గూడ ఉందయ్య రాజం. ఢిల్లీల మీటింగుల ఒకడు నా మొఖం మీదనే అడిగిండు, మీ శిష్యుడు పళ్లాలల్ల ఏం కలిపిండని."

"నేనేం కలపలే సార్. మా అవ్వ మీద ఒట్టు."

"ఒట్లు అచ్చేయరయ్య. దసరా ముందు ఇద్దరు నిపుణులను పంపుత. వాళ్ల ముంగట చేసి చూపెట్టు. వచ్చిందా, నేనే నీ ఎన్క నిలబడ్త. రాలేదా, తప్పైందని పత్రికకు చిట్ఠి రాసి సంతకం పెట్టు. నౌకరి వరకు నేను చూసుకుంట."

అన్యాయమేమీ అనలేదు. అదే కష్టం. కోపం తెచ్చుకోవడానికి కూడా ఏమీ లేదు.

డబ్బాలో అవ్వ బెరడు అయిపోయింది. జూన్‌లో సారు అంబదాస్ మామతో కొత్త సంచి తెప్పించి చొప్పదండిలో దింపాడు. మగ్గాలు అమ్మేసి రెండేళ్లయింది. వాడంతా మరమగ్గాల సాంచాలు వచ్చి చప్పుడు. ముసలమ్మ ఒక్కతే అరుగు మీద.

"అవ్వా, నువ్వెట్ల చేసేదానివో అట్లనే చేసియ్యే. దసరాకు కావాలె. నా బతుకంత దీని మీదనే ఉన్నది."

"గంత మాటెందుకు బిడ్డా. పదిహేను దినాలాగు."

పదమూడో దినం కనకవ్వ పోయింది. పొద్దున నీళ్లు తోడుతూ బావి గద్దె మీదనే ఒరిగిపోయింది. జులై నెల, ముసురు. చంద్రవ్వ బొంబాయి దిక్కున్న భీమండి నుంచి రైలెక్కి వచ్చింది. మగ్గం మీద బతుకు లేక మొగుడూ పెళ్లామూ ఎప్పుడో అక్కడి సాంచాల పనికి పోయారు. పదో దినం ఇల్లు కడిగారు. మైల ఇంట్లో మట్టికుండలు ఉంచరు కదా, ఆడబిడ్డే వాటిని తీసుకుపోయి ఊరవతల వాగుగడ్డన పగలగొట్టి రావాలి. చంద్రవ్వ పోయొచ్చింది.

మరునాడు అన్నాలప్పుడు సారు బెరడు గోనెసంచి విప్పి చూసుకుంటున్నాడు. సంచి సగానికి దిగింది. మిగతా సగం ఎండబెట్టింది ఎక్కడా కనిపించలేదు. అక్కను అడిగాడు.

"అక్కా, అవ్వ చేసిన బెరడు ఏడ పెట్టింది?"

"ఏ బెరడు? కలికుండల ఉన్నదా? అది కుండతోనే పాయె గద తమ్మీ."

సారు చేతిలో సంచి మూతి అలాగే ఉండిపోయింది. "ఏం కలికుండ?"

కలికుండ అంటే తెలియని ఇల్లు లేదు మా దగ్గర. బియ్యం కడుగునీళ్లు, వార్చిన గంజి పోసి పులియబెడతారు. కడగరు, ఖాళీ చేయరు, తీసినంత తీసి మళ్లీ పోస్తారు. కొన్ని ఇళ్లలో అత్త కుండలో నీళ్లే కోడలి కుండలోకి పోతాయి.

"గొడ్లకొట్టంల మూలకుండె," అంది చంద్రవ్వ. "బెరడు గుడ్డల మూటగట్టి అండ్ల ఏసేది. వారం దినాలు నానినంక తీసి నీడకు ఆరబెట్టేది. చిన్నప్పటి సంది గంతే. పచ్చి బెరడు గంజిల ఏస్తదా ఎవరన్న? నీకెర్క లేదా?"

"ఆ కుండ తీసి పారెయ్యమన్న గద నేను. దొర వచ్చినప్పుడు. కంపు కొడ్తుందని. పారేసిన్నన్నది."

"పారేసిన్ననే చెప్పింది నీకు. నీ మాట కాదంటదా? మా అవ్వకు వాళ్ల అత్త ఇచ్చిన కుండనాయె, పారెయ్య పాణమొప్పలె. కొట్టంల దాసింది. తమ్మునికి చెప్పకు, నా కొడుకు సదువుకున్నోడు, దోస్తుల ముంగట సిగ్గువడ్తడు అన్నది."

నర్మదమ్మ విస్తరాకులు వేస్తూ అలాగే వంగి ఉండిపోయింది. సారు లేచాడు. తిండి లేదు, చెప్పుల్లేవు. నేను వెనకాల ఉరికాను.

గుణం చెట్టుది కాదు. పదేళ్లుగా కళ్ల ముందుంది, తెలియలేదు. ఆ పులిసిన నీళ్లలో ఏదో పురుగు, కంటికి కనపడనిది, బెరడును తిని దాన్ని మందుగా మార్చేది. జర్మనీకి మేం పంపింది నేను కడిగిన తెల్లబట్ట బెరడు. దారి పొడుగునా సారు ఇదే చెప్పుకుంటూ నడిచాడు, నాకు కాదు, తనకు తనే.

వాగు నిండుగా పారుతోంది. గడ్డ మీద పెంకులు చెల్లాచెదురుగా ఉన్నాయి. ఎన్ని ఇళ్ల కుండలో. అందులో మాది ఏదో ఎట్లా తెలుస్తుంది? చంద్రవ్వ కూడా వచ్చి, "గీడనే కొట్టిన, గీ బండకు," అని చూపించింది. బండను వాగు ముంచేసింది. ముగ్గురం మోకాళ్ల లోతులో నిలబడి చేతులతో తడిమాం. ప్రేమ్‌సాగర్‌రావు శిష్యుడు, విలాయతు పత్రికలో పేరున్నవాడు, పెంకు పెంకు తీసి నాలుకకు ఆనించి చూస్తున్నాడు, పులుపు తగులుతుందేమోనని. వాగుకు నీళ్లకొచ్చిన ఆడవాళ్లు చూశారు.

"తల్లి పోయిన దుఃఖానికి మతి తప్పినట్టున్నదే పిలగానికి," అంది ఒకామె.

నలభైకి దగ్గరపడ్డవాణ్ని పిలగాడంది. నాకు ఆ మాటకే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

పదకొండు పెంకులు దొరికాయి, లోపలి వైపు నల్లటి చారతో. తడిబట్టలో చుట్టి అదే సాయంత్రం కరీంనగర్ తెచ్చాం. ఆ తర్వాత రెండు నెలలు సారు ల్యాబులోనే. ప్రతి పెంకు గీకాడు, గంజినీళ్లలో వేశాడు, బెరడు వేశాడు, పళ్లాలు పెట్టాడు. గడ్డం పెరిగింది. క్లాసుల్లో ఏం చెబుతున్నాడో పిల్లలకు తెలిసేది కాదు. నర్మదమ్మ టిఫిను గిన్నె పంపేది, అది అట్లాగే తిరిగిపోయేది. ఆమె ఒకరోజు స్వయంగా వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"ఇంటికి రారా ఇయ్యాలన్న?"

"నర్మదా, నేనే పారెయ్యమన్న. నా నోటితోనే అన్న."

"నేను గూడ కొట్టం కాడ కంపుకు ముక్కు మూసుకున్న ఒకసారి. అత్తమ్మ చూసింది," అని ఆమె గిన్నె బల్ల మీద పెట్టి పోయింది.

వేరే ఇళ్ల కలికుండల కోసం తిరిగాం. సాలెవాడల్లో కుండలు ఉన్నాయి, కలి ఉంది, కాని ఏదీ పనిచేయలేదు. దారం గంజితో సహా మిల్లు నుంచే వస్తోంది, బెరడు నానబెట్టినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. చంద్రవ్వ తన కుండకు అవ్వ ఇచ్చిన కలిని భీమండి పోయేటప్పుడే పారబోసి కడిగి, ఖాళీ కుండ చుట్టుపక్కల వాళ్లకిచ్చి పోయిందట.

సెప్టెంబరు రెండో వారంలో ఒక మంగళవారం, నేను పొద్దున తాళం తీసి పళ్లాలు చూశాను. ఏడో పెంకుది. తెల్లటి బూజు మధ్యలో రూపాయి బిళ్లంత జాగా ఖాళీగా ఉంది. నేను ముట్టుకోలేదు. సారు ఇంటికి సైకిలేసుకొని పోయాను. ఆయన వచ్చి చూసి, కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసి, పళ్లెం బల్ల మీద పెట్టి రెండు చేతులూ దాని చుట్టూ పెట్టి కూర్చున్నాడు, చలి కాచుకున్నట్టు.

"చూసినవా దేవదాసూ?"

"చూసిన సార్."

"నువ్వూ నేనూ."

ఆ ఏడో పెంకు నీళ్లనుంచి ఇరవై పళ్లాలు పెట్టాడు. నాలుగో రోజుకు ఇరవై పళ్లాల్లో అంచు నుంచి అంచుకు బూజే. మళ్లీ పెట్టాడు. బూజే. ఆ పురుగు ఒక్కసారి లేచి, చచ్చిపోయింది. వాగు నీళ్లలో ఎన్ని రోజులు నానిందో, ఎంత ప్రాణం మిగిలిందో. నిపుణులిద్దరూ దసరాకు వారం ముందు వచ్చారు. తొమ్మిది పళ్లాలు చూశారు, తొమ్మిదింట్లోనూ బూజే. ఒకాయన మర్యాదస్తుడు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఈ పెంకులతో ఇదివరకు వచ్చిందా?" అని అడిగాడు.

"ఒకసారి వచ్చింది," అన్నాడు సారు.

"ఎవరైనా చూశారా?"

సారు నా వైపు చూశాడు. నేను చూశానని చెప్పాను. ఆయన తలూపాడు, కాగితం మీద ఏమీ రాసుకోలేదు. తప్పు కాదు. నేను చూసింది చూసినట్టు లెక్కకు రాదు.

చిట్ఠిలో సారు కలికుండ సంగతంతా రాశాడు, తల్లి పేరుతో సహా. ప్రేమ్‌సాగర్‌రావు చదివి, ఆ నాలుగు పేరాలూ కొట్టేశాడు. "కుండలేదు, పురుగులేదు, పచ్చి ముచ్చట అచ్చెట్లేస్తరయ్య? మళ్లీ పట్టుకో, అప్పుడు రాద్దాం." మిగిలింది మూడు లైన్లు. మేము రాసినది మళ్లీ చేయలేకపోయాము, వెనక్కి తీసుకుంటున్నాము అని. అచ్చయింది. ఆ లావు పుస్తకంలో ఆయన పేరు కింద ముప్పై రెండోది అదే, ఆయన రాసుకున్నదే. అది చూసుకోవడానికి ఆయన హైదరాబాదు పోలేదు. పిల్లవాణ్ని కాలేజీలో చేర్చడానికి పోయిన ఒక లెక్చరరు చూసొచ్చి చెప్పాడు.

తర్వాత సారుకు రీడరు ప్రమోషను రాలేదు. పాఠం చెప్పుకున్నాడు, పరీక్ష పేపర్లు దిద్దుకున్నాడు. ల్యాబు మూలలో మాత్రం ఆరు కుండలు పెట్టాడు. చొప్పదండి వాగు ఒండ్రు ఒక దాంట్లో, పాత ఇంటి గొడ్లకొట్టం మన్ను ఒక దాంట్లో, ఇంకేవో. కడుగునీళ్లు నేను తెచ్చేవాణ్ని, బెరడు అంబదాస్ మామ పోయేదాకా పంపాడు. నెలకోసారి పళ్లాలు పెట్టేవాడు. నెలకోసారి బూజు. తొంభై నాలుగు దాకా అదే. ఆయన ఆశతో చేస్తున్నాడో అలవాటుతో చేస్తున్నాడో నేను అడగలేదు.

ఆ ఏడు పైనుంచి తనిఖీవాళ్లు వస్తున్నారని కొత్త ప్రిన్సిపాలు గదులన్నీ తిరిగాడు. మా ల్యాబులోకొచ్చి ముక్కుకు రుమాలు పెట్టుకున్నాడు.

"ఏంటివయ్య గీ కంపు కుండలు? రేపటికల్ల ఒక్కటి ఉండొద్దు. సాఫ్ చెయ్యుండ్రి."

"అట్లనే సార్," అన్నాడు లక్ష్మీరాజం సారు.

ప్రిన్సిపాలు పోయాక, చొక్కా చేతులు పైకి మడిచి మొదటి కుండ ఆయనే ఎత్తాడు. నేను రెండోది ఎత్తాను. వెనకాల పగిలిన బెంచీలు పడేసే రేకుల షెడ్డుంది. అక్కడ చీకటి మూల చూసి, ఒక్కో కుండ కింద గడ్డి పెట్టి దింపాడు. చివరి దానికి మూత సరిచేసి, పాత గోనెసంచి కప్పాడు.

మరునాడు ప్రిన్సిపాలు అడిగాడు, కుండలు పారేశారా అని. సారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"పారేసినం సార్," అన్నాను నేను.